చౌడు చేలో ఎరువుల లెక్క

చౌడు తేలిన చేలో పైరు పసుపెక్కిందంటే రైతుకు మొదట గుర్తొచ్చేది యూరియా మూట. కడప జిల్లాలో, ప్రొద్దుటూరు ఎరువుల అంగడికి వచ్చిన వరి రైతైనా, జమ్మలమడుగు శనగ రైతైనా, పులివెందుల అరటి రైతైనా అడిగే ప్రశ్న ఒకటే: ‘మాది చౌడు నేల, ఎంత ఎరువు వేయమంటారు?’ చాలాసార్లు దొరికే జవాబు కూడా ఒకటే: మామూలు మోతాదు కన్నా ఒక మూట ఎక్కువ. ఈ జవాబులో కొంత శాస్త్రం ఉంది. అది ఏ చేలో పనికొస్తుందో, ఏ చేలో పైరును చంపుతుందో విడదీసి చూడాలి. ఎనభై ఏళ్లుగా పరిశోధన చెబుతున్నదాన్నీ, ఈ మూడు ప్రాంతాల నేలా నీళ్లూ చెబుతున్నదాన్నీ పక్కపక్కన పెట్టి చూశాక నాకు తేలింది ఇది. చౌడులో ఎరువు మోతాదు అన్నింటికన్నా చివర వేయాల్సిన లెక్క. అంతకుముందే చౌడు ఏ రకమో, పారే నీళ్లలో ఏముందో, మురుగు ఎటు పోతుందో, ఆ చేలో ఏ పంట నిలుస్తుందో తేలాలి. ఇవి తేలకుండా వేసిన మూట ఉప్పు మీద ఇంకొంత ఉప్పే అవుతుంది.

చౌడు రెండు రకాలని రైతుకు తెలుసు. పాలచౌడులో ఎండాకాలం నేల మీద తెల్లని పొర తేలుతుంది, కాలికి మెత్తగా పొడిపొడిగా తగులుతుంది. ఇందులో కరిగే లవణాలు ఎక్కువ. లవణ సాంద్రత, అంటే ఈసీ, 4 దాటుతుంది. పీహెచ్ మాత్రం 8.5 లోపే ఉంటుంది. కారుచౌడు వేరు. దానిలో మట్టి రేణువులకు సోడియం అంటుకుని ఉంటుంది. పీహెచ్ 8.5 దాటి 9, 10 దాకా పోతుంది. తడిస్తే జిగట, ఎండితే రాయి, నీళ్లు పెడితే ఇంకవు. ఈ రెండూ కలిసిన నేలలూ ఉన్నాయి. అమెరికాలోని రివర్‌సైడ్ లవణీయత ప్రయోగశాల 1954లో తెచ్చిన కరదీపిక మట్టిలోని మారకపు సోడియం నూటికి 15 దాటితే కారుచౌడు అని గీత గీసింది. ప్రపంచంలో చాలాచోట్ల ఇప్పటికీ ఆ గీతే వాడుతున్నారు. బంకమట్టి ఎక్కువున్న మన నల్లరేగడికి అది సరిపోదు. రేగడి సోడియం తగిలితే చాలా తొందరగా ఉబ్బి మూసుకుపోతుంది కాబట్టి, 15కు చాలా ముందే, 6, 8 దగ్గరే నీరు ఇంకడం తగ్గిపోతుంది. కాగితం మీద ‘బాగానే ఉంది’ అని వచ్చిన జమ్మలమడుగు రేగడి చేలో వాన నీళ్లు రోజుల తరబడి నిలబడడానికి ఇదొక కారణం.

పరీక్ష కేంద్రం దాకా పోయే ముందు ఇంట్లోనే ఒక పని చేసి చూడొచ్చు. ఒక గాజు సీసాలో గుప్పెడు మట్టి వేసి, పట్టి పెట్టుకున్న వాన నీళ్లు పోసి, బాగా కుదిపి, గూట్లో పెట్టాలి. బోరు నీళ్లు పోస్తే ఆ నీళ్లలోని లవణాలే ఫలితాన్ని మార్చేస్తాయి. తెల్లారేసరికి మట్టి అడుగుకు చేరి పైన నీళ్లు తేటగా ఉంటే కారుచౌడు లేనట్టే. ఉంటే గింటే పాలచౌడు కావచ్చు, లవణాలు మట్టిని ముద్ద కట్టించి కిందికి దించుతాయి. మూడు నాలుగు రోజులైనా నీళ్లు పలచని టీ రంగులో, బురదగానే ఉన్నాయంటే సోడియం మట్టి రేణువులను దేనికదే విడదీసి నీళ్లలో తేలుస్తోందని అర్థం. యూరియా ఏమవుతుందో, జిప్సం పనికొస్తుందో లేదో చెప్పడానికి ఈ సీసా చాలావరకు సరిపోతుంది.

ఈ నేలల్లో ఉప్పు కొత్తగా వచ్చింది కాదు. 1800లో నిజాం కడపతో పాటు చుట్టుపక్కల జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి వదిలేనాటికే దత్తమండలాల్లో ఉప్పరులు చవిటి మన్నును నీళ్లతో వడగట్టి, ఆ నీళ్లను ఎండబెట్టి మట్టి ఉప్పు చేసేవారు. పంతొమ్మిదో శతాబ్దం చివరి దశాబ్దాల్లో బ్రిటిష్ ఉప్పు చట్టాలు ఆ వృత్తిని అణిచేశాయి. చాకళ్లు బట్టలు ఉతకడానికి వాడిన చవుడూ ఇదే, సోడా ఎక్కువున్న మట్టి. ఎక్కడ ఉప్పు దొరుకుతుందో, ఎక్కడ సోడా దొరుకుతుందో తెలిసిన జనం అక్కడ విత్తనం వేయలేదు. అప్పుడు వదిలేసిన ముక్కలను కూడా ఇప్పుడు దున్నుతున్నాం. మంచి చేలకు కూడా మనమే నీళ్లతో ఉప్పు తెచ్చి పోస్తున్నాం.

మూడు ఊళ్ల సమస్య పైకి ఒకటిగా కనిపించినా లోపల మూడు వేర్వేరు సమస్యలు. ప్రొద్దుటూరు వైపు దువ్వూరు, చాపాడు, మైదుకూరు దాకా కాలవ సేద్యం. సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి మొదలయ్యే కేసీ (కర్నూలు-కడప) కాలవను మద్రాసు ఇరిగేషన్ కంపెనీ 1860లలో తవ్వించింది, నష్టాలపాలయ్యాక 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. రేగడి నేలలకు నీళ్లు పెడితే చెడిపోతాయని రైతులు మొదట్లో కాలవ నీళ్లు తీసుకోవడానికి వెనకాడారు. కంపెనీ నష్టపోవడానికి అదీ ఒక కారణం. వాళ్ల భయం ఊరికే పుట్టింది కాదు. నీళ్లు వచ్చే దారి వేసినంత శ్రద్ధగా పోయే దారి వేయకపోతే కింద నీటి మట్టం పైకొస్తుంది, దానితో లవణాలు పైకొస్తాయి, పల్లపు కయ్యల్లో చౌడు తేలుతుంది.

జమ్మలమడుగు, ముద్దనూరు, కొండాపురం వైపు ఎక్కువగా వాననీటి సేద్యం. నార్జి సున్నపురాయి మీద పరుచుకున్న నల్లరేగడి, దున్నితే బయటపడే సున్నపు గడ్డలు. జిల్లా సగటు వాన ఏటా 700 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటే ఈ పడమటి మండలాల్లో అంతకన్నా తక్కువే పడుతుంది. ఆ వాన లవణాలను పూర్తిగా కడిగి పంపలేదు, రెండు మూడడుగుల లోతుకు నెట్టి వదిలేస్తుంది. పైన పరీక్షకు తీసిన మట్టిలో చౌడు కనిపించదు. చెమ్మ వెదుక్కుంటూ వేరు కిందికి దిగినప్పుడు తగులుతుంది. పులివెందుల, వేముల, లింగాల, సింహాద్రిపురం వైపు కథ అంతా బోరుబావిదీ డ్రిప్పుదీ. వేంపల్లె డోలమైటు పొరల్లో నుంచి, వందల అడుగుల లోతు నుంచి వచ్చే నీళ్లలో బైకార్బొనేట్లు, మెగ్నీషియం ఎక్కువ. బోరు లోతుకు పోయేకొద్దీ నీళ్లు చెడే చోట్లు చాలా ఉన్నాయి.

ఇప్పుడు ఎరువు సంగతి. రసాయన ఎరువు కూడా ఒక లవణమే. 1943లో అమెరికాలో ఎరువులకు ఒక లవణ సూచిక కట్టారు. సోడియం నైట్రేటును 100 అనుకుంటే మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 116, యూరియా 75, అమ్మోనియం సల్ఫేటు 69, సల్ఫేట్ ఆఫ్ పొటాష్ 46, డీఏపీ 34 దగ్గర ఉంటాయి. సూపర్ ఫాస్ఫేటు, జిప్సం 8 దగ్గరే ఆగుతాయి. ఇది బరువు లెక్క. మొక్కకు అందే పోషకం లెక్కన చూస్తే బొమ్మ మారుతుంది: ఒక కిలో నత్రజని కోసం అమ్మోనియం సల్ఫేటు వేస్తే యూరియా వేసినప్పటికన్నా రెట్టింపు లవణ భారం పడుతుంది. పాలచౌడు చేలో ఇది చిన్న తేడా కాదు.

రివర్‌సైడ్‌లో బెర్న్‌స్టైన్ బృందం 1970లలో ఒక మౌలికమైన ప్రశ్న వేసింది: ఉప్పు వల్ల తగ్గిన దిగుబడిని ఎక్కువ ఎరువుతో తిరిగి తెచ్చుకోవచ్చా? నేలలో పోషకం కొరతే పెద్ద అడ్డంకి అయితే ఎరువు పనిచేసింది. ఉప్పే పెద్ద అడ్డంకి అయినప్పుడు చేయలేదు, కొన్ని చోట్ల కీడు చేసింది. 1999లో గ్రాటన్, గ్రీవ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ సమీక్షించి ఇంచుమించు ఇదే మాట చెప్పారు. మామూలుగా కావలసినంత పోషకం ఇస్తే చాలు. అంతకు మించి ఇస్తే పంటకు ఉప్పును తట్టుకునే శక్తి పెరుగుతుందనడానికి ఆధారాలు పొలంలో చాలా తక్కువ. ‘ఒక మూట ఎక్కువ’ అన్న సలహాకు పాలచౌడులో ఇక్కడే నిలువు లేకుండా పోతుంది.

కారుచౌడులో మాత్రం నత్రజని విషయంలో ఆ సలహాకు పట్టు దొరుకుతుంది. యూరియా నేలలో పడగానే అమ్మోనియంగా మారుతుంది. అందులో ఎంత భాగం గాలిలో కలిసిపోయే అమ్మోనియాగా మారుతుందన్నది పీహెచ్ మీద ఆధారపడుతుంది. 30 డిగ్రీల వేడిలో పీహెచ్ 7 దగ్గర నూటికి ఒక వంతు లోపే. 8 దగ్గర ఏడెనిమిది వంతులు. 9 దగ్గర నలభై అయిదు దాకా పోతుంది. కడప ఎండలో, పీహెచ్ 9 ఉన్న మడిలో, నిలిచిన నీళ్ల మీద మధ్యాహ్నం పూట చల్లిన యూరియా ఎక్కడికి పోతుందో ఊహించుకోవచ్చు. ఆ నీళ్లలో పాచి ఉంటే ఎండపొద్దున అది బొగ్గుపులుసు వాయువును పీల్చేసుకుంటుంది, నీటి పీహెచ్ ఇంకా పైకి పోతుంది.

అందుకే 1969లో మొదలైన కర్నాల్‌లోని కేంద్ర చౌడు నేలల పరిశోధన సంస్థ కారుచౌడు వరికి, గోధుమకు సిఫారసు కన్నా నూటికి 25 ఎక్కువ నత్రజని వేయమంటుంది. లెక్క వేద్దాం. మామూలు మడికి ఎకరాకు 80 కిలోల నత్రజని అనుకుంటే 25 శాతం అంటే మరో 20 కిలోలు. 45 కిలోల యూరియా మూటలో ఉండేది దాదాపు అంతే. అంగడిలో చెప్పే ‘ఒక మూట’ ఇదే. అయితే ఆ సిఫారసు జిప్సం వేసి బాగు చేస్తున్న నేలకు ఇచ్చింది. జిప్సం మాట మరిచి మూటను మాత్రం గుర్తుపెట్టుకున్నాం. మూట పెంచే ముందు వేసే పద్ధతి మార్చాలి: కొంత ఆఖరి దమ్ములో బురదలో కలిసిపోయేట్టు వేయడం, మిగిలింది రెండు మూడు దఫాలుగా మడిలో నీళ్లు తీసేసి బురద పదునులో చల్లడం. నిలువ నీళ్ల మీద చల్లే అలవాటు మానుకుంటేనే ఆ అదనపు మూటలో చాలా భాగం మిగులుతుంది.

అమ్మోనియం సల్ఫేటు ఆమ్ల గుణం ఉన్నది కాబట్టి చౌడుకు మంచిదన్న మాట పాత పుస్తకాల్లోంచి ఇంకా వినిపిస్తూనే ఉంటుంది. సున్నం ఎక్కువున్న జమ్మలమడుగు నేలల్లో దాన్ని పైపైన చల్లితే సున్నంతో కలిసి అమ్మోనియం కార్బొనేటు పుట్టి, అమ్మోనియా ఎగిరిపోతుంది. మట్టిలో లోతుగా కప్పి వేస్తేనే దానివల్ల ఉపయోగం.

భాస్వరం దగ్గర ఎక్కువ సేపు ఆగక్కర్లేదు. కారుచౌడులో మొదట్లో భాస్వరం సోడియం ఫాస్ఫేటుగా కరిగి ఉంటుంది కాబట్టి బాగుచేసిన తొలి కొన్నేళ్లు భాస్వరపు ఎరువు వేసినా వరి స్పందించలేదని కర్నాల్ అనుభవం. సున్నపు రేగడిలో దీనికి భిన్నంగా సున్నం భాస్వరాన్ని పట్టేసుకుంటుంది. రెండు చోట్లా నా ఓటు సూపర్ ఫాస్ఫేటుకే. 125 కిలోలు వేస్తే 20 కిలోల భాస్వరంతో పాటు 14 కిలోల దాకా గంధకం వస్తుంది, అందులో సగం బరువు జిప్సమే, లవణ భారమూ తక్కువ. శనగకు గొర్రుతో విత్తనం పక్కనే డీఏపీ జార్చే అలవాటు మామూలు రేగడిలో బాగానే నడుస్తుంది. చౌడు ముక్కలో మాత్రం మొలక పక్కనే ఆ ఎరువు గింజలు కరిగి అక్కడి ఉప్పును పెంచుతాయి. ఎరువు విత్తనానికి రెండంగుళాలు పక్కనా, కిందా పడాలి.

జింకుకు మాత్రం చౌడు వరి పొలంలో తప్పనిసరి స్థానం ఉంది. పీహెచ్ పెరిగేకొద్దీ జింకు కరగదు. నాటిన రెండు మూడు వారాలకు ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు, ఎదగని దుబ్బులు. దాన్ని చూసి నత్రజని లోపమనుకుని యూరియా చల్లేవాళ్లు చాలామంది. ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు, భాస్వరపు ఎరువుతో కలపకుండా, రెండు మూడు రోజుల ఎడంతో వేయాలి. పైరు మీద లోపం కనబడితే లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున రెండు మూడు సార్లు పిచికారీ చేయాలి.

జిప్సం గురించి ఇక్కడ పెద్ద అపార్థం ఉంది. కడప రైతుకు జిప్సం తెలిసింది శనక్కాయ ద్వారా: ఊడలు దిగేటప్పుడు ఎకరాకు 200 కిలోలు. అది కాయకు కావలసిన కాల్షియం, గంధకం అందించే మోతాదు, అంటే ఎరువు. చౌడును బాగు చేసే మోతాదు వేరే స్థాయిది. మట్టి 100 గ్రాములకు ఒక మిల్లీ ఈక్వివలెంట్ సోడియాన్ని తొలగించాలంటే పై ఆరంగుళాల మట్టికే ఎకరాకు దాదాపు 780 కిలోల స్వచ్ఛమైన జిప్సం కావాలి. బరువైన నల్లరేగడిలో మారకపు సోడియాన్ని నూటికి 20 నుంచి 8కి దించాలంటే లెక్క 4 టన్నుల దాకా పోతుంది. వరి వేర్లు పైపైన ఉంటాయి కాబట్టి లెక్కలో సగం వేసినా వరికి సరిపోతుందని కర్నాల్ చెబుతుంది. ఆ సగం కూడా నాలుగు మూటల జిప్సానికి చాలా దూరం. నాలుగు మూటలు చల్లి ‘జిప్సం వేశాను, చౌడు తగ్గలేదు’ అనే రైతును తప్పుపట్టలేం. అతనికి దొరికిన లెక్క శనక్కాయది.

ఇంకో మాట. పాలచౌడుకు జిప్సంతో పనిలేదు. దానికి కావలసింది మంచి నీళ్లు నిలబెట్టి, కరిగిన లవణాలను మురుగు కాలవలోకి దింపడం. కారుచౌడుకైనా జిప్సం వేసి నీళ్లు నిలబెట్టాక సోడియం సల్ఫేటు దిగిపోవడానికి దారి ఉండాలి. దారి లేకపోతే పక్క గెనిమ కింద తేలుతుంది.

సున్నపు గడ్డలున్న చేలలో కాల్షియం నేలలోనే బోలెడు ఉంది, కరగని రూపంలో ఉంది. దాన్ని కరిగించడానికి గంధకం ఒక దారి. టన్ను జిప్సం చేసే పనికి సుమారు 190 కిలోల గంధకం చాలు. నేలలోని సూక్ష్మజీవులు దాన్ని ఆమ్లంగా మార్చడానికి చెమ్మా, వారాల గడువూ కావాలి. ఖర్చు తక్కువ దారి జీలుగ. జనుము, పిల్లిపెసర నిలవని చౌడులో జీలుగ నిలుస్తుంది. ఎకరాకు 10, 12 కిలోల విత్తనం చల్లి, పూతకు వచ్చేటప్పుడు కలియదున్నితే అది కుళ్లేటప్పుడు పుట్టే బొగ్గుపులుసు వాయువు నేలలోని సున్నాన్ని కొంత కొంత కరిగిస్తుంది, నత్రజనీ కలుస్తుంది. కేసీ కాలవ కింద నీళ్లు వదిలే తేదీ ముందే తెలిస్తే జీలుగకు నలభై అయిదు రోజుల గడువు దొరుకుతుంది. తేదీ చివరి దాకా తేలకపోవడం వల్లే చాలా కయ్యల్లో జీలుగ పడడం లేదు. ఇది ఎరువుల శాఖ పరిధిలోకి రాని ఎరువుల సమస్య.

పులివెందుల వైపు తోటల్లో సమస్య కొలత చాలా పెద్దది. అరటికి పొటాషు ఆకలి ఎక్కువ. చెట్టుకు 300 గ్రాముల పొటాష్ కావాలంటే మ్యూరేట్ అరకిలో. ఎకరాకు 1,200 పైచిలుకు చెట్లకు 600 కిలోలు. అందులో నూటికి 47 వంతులు క్లోరైడే, అంటే 280 కిలోల పైమాట. భయపడాల్సిన అంకెలాగే ఉంది. ఇప్పుడు బోరు నీళ్ల లెక్క చూద్దాం. ఈసీ 2 ఉన్న నీళ్లలో లీటరుకు సుమారు 1.28 గ్రాముల లవణాలుంటాయి. ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల తడి అంటే ఎకరాకు 40 లక్షల లీటర్లు. ఆ నీళ్లతో చేలోకి వచ్చే లవణం 5 టన్నులు. మ్యూరేట్ మాని ఖరీదైన సల్ఫేట్ ఆఫ్ పొటాష్‌కు మారమనే సలహా పులివెందులలో బాగా అమ్ముడుపోతోంది. లేత మొక్కకు, వేసవిలో, నీళ్లలో క్లోరైడ్ ఎక్కువున్న చోట ఆ ఖర్చు దండగ కాదు. ఆ 280 కిలోల క్లోరైడ్ మీద పెట్టిన శ్రద్ధ, నీళ్లతో వచ్చే 5 టన్నుల మీద పెట్టకపోతే తోట బాగుపడదు.

చీనీకి ఈ లెక్క నాటడానికి ముందే మొదలవుతుంది. రంగపూర్ నిమ్మ వేరు మీద కట్టిన చీనీ క్లోరైడును చాలావరకు వేరు దగ్గరే ఆపుతుంది, జంభీరి ఆపలేదు. అంటు కొనేటప్పుడు వేరు మూలం అడగని రైతు, పదేళ్లపాటు ఆకుల అంచులు మాడడాన్ని ఎరువులతో ఆపే ప్రయత్నం చేస్తూనే ఉంటాడు. నత్రజనిని నైట్రేటు రూపంలో ఇస్తే చెట్టు క్లోరైడును కొంత తక్కువ తీసుకుంటుందని ప్రయోగాలు చూపాయి. అందుకని చీనీకి డ్రిప్పులో పొటాషియం నైట్రేటు, కాల్షియం నైట్రేటు ఇవ్వడానికి అర్థం ఉంది. కాల్షియం నైట్రేటును సల్ఫేటుతోనో ఫాస్ఫేటుతోనో ఒకే ట్యాంకులో కలిపితే మాత్రం తెల్లగా గడ్డకట్టి డ్రిప్పర్లు మూసుకుపోతాయి.

డ్రిప్పు దగ్గర ఆగి చూడాల్సింది ఉంది. చుక్క పడే చోట నల్లగా తడి, దాని చుట్టూ జానెడు దూరంలో తడి ఆగిపోయిన అంచు. ఆ అంచున వేలితో గీరితే తెల్లటి పొడి రాలుతుంది. నీళ్లు ఉప్పును వేరు దగ్గర నుంచి బయటికి తోసి అక్కడ పోగేస్తాయి. తడి రోజూ నిలకడగా ఉన్నంతకాలం వేరుకు రక్షణే. తొలకరి చినుకు పడగానే మోటారు కట్టేస్తాం. ఆ చిన్న వాన అంచున ఉన్న ఉప్పునంతా వేరు మీదికి తోస్తుంది. మంచి వాన పడ్డాక చెట్టు వాడిపోయిందని రైతు ఆశ్చర్యపోయేది అందుకే. చిన్న వానలప్పుడు డ్రిప్పు ఆపకూడదు. పెద్ద వాన పడి ఉప్పు లోతుకు దిగాకే ఆపాలి.

ఆంధ్రప్రదేశ్ సూక్ష్మ సేద్య పథకం 2003లో మొదలైనప్పటి నుంచి డ్రిప్పును నీటి పొదుపు పేరుతోనే రైతుకు అందించారు. పొదుపు ఎంత నిజమో, ఉప్పు లెక్క కూడా అంతే నిజం. చీనీ పూర్తి దిగుబడి ఇవ్వగలిగేది మట్టి ఈసీ 1.7 దాకానే. ఈసీ 2 ఉన్న నీళ్లతో ఆ గీత దాటకుండా ఉండాలంటే ప్రామాణిక సూత్రం ప్రకారం పెట్టే నీళ్లలో దాదాపు 30 శాతం వేర్ల కిందికి దిగిపోవాలి. చెట్టుకు 100 లీటర్లు కావాలంటే 145 పెట్టాలి. ఏటా మే నెలలో బోర్లు ఎండే చోట ఆ మిగతా 45 ఎక్కడి నుంచి తేవాలి? ఈ చిక్కును ఏ ఎరువూ విప్పదు. ఉప్పు కడిగే తడి ఇచ్చేటప్పుడు ఎరువు ఇవ్వకుండా, కడిగాక ఇచ్చే మామూలు తడిలో ఇస్తే నత్రజని మాత్రం మిగులుతుంది.

వేముల మండలం తుమ్మలపల్లె దగ్గర నీళ్ల ప్రశ్న మరింత పదునైంది. అక్కడి యురేనియం శుద్ధి కర్మాగారం క్షార పద్ధతిలో, సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్లతో పనిచేస్తుంది. వ్యర్థాల చెరువు చుట్టుపక్కల ఊళ్ల రైతులు బోర్ల నీళ్లు చెడి అరటి తోటలు దెబ్బతిన్నాయని ఏళ్లుగా ఫిర్యాదు చేస్తున్నారు. యాజమాన్యం ఒప్పుకోవడం లేదు. ఆ బోర్ల నీళ్లలో సోడియం, బైకార్బొనేట్ ఎంతున్నాయో, కాలక్రమంలో ఎలా మారాయో ఊరూరా గోడ మీద రాసి పెట్టడం ప్రభుత్వ బాధ్యత. ఆ అంకెలు చేతిలో లేని రైతుకు ఎరువు సలహా ఇవ్వడం అన్యాయం.

సేంద్రియ ఎరువుల మీద అతివాదాలు నడుస్తున్నాయి. దిబ్బ ఎరువు, జీలుగ, ఆకుల కప్పుడు చౌడుకు మంచివి. కప్పుడు వల్ల నేల మీది ఆవిరి తగ్గి ఉప్పు పైకి తేలడం తగ్గుతుంది. ప్రకృతి సేద్యం చెప్పే ఆచ్ఛాదనలో చౌడుకు అన్నిటికన్నా పనికొచ్చేది ఇదే. 200 లీటర్ల జీవామృతంతో చౌడు విరుగుతుందన్న మాటను మాత్రం నేను నమ్మను. సోడియాన్ని తొలగించే కాల్షియం అందులో లేదు. కోళ్ల ఎరువు విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి; దానిలోనే లవణాలు ఎక్కువ. బాగా మాగకుండా చీనీ పాదుల్లో వేస్తే బోరు ఉప్పుకు కోళ్ల ఉప్పు తోడవుతుంది.

పంటల మార్పు ఈ ప్రశ్నను మరింత కష్టం చేసింది. మాస్, హాఫ్‌మన్ 1977లో ఇచ్చి, తర్వాత సవరణలు చేరిన పట్టిక ప్రకారం పత్తి ఈసీ 7.7 దాకా, జొన్న 6.8 దాకా దిగుబడి తగ్గకుండా నిలుస్తాయి. వేరుశనగ 3.2 దాకా ఆగుతుంది కానీ ఆపైన ఒక్కో అంకెకూ నూటికి 29 చొప్పున పడిపోతుంది. వరి 3, చీనీ 1.7, ఉల్లి 1.2. శనగ కూడా సున్నితమైన పంటే. ఉప్పు తగిలితే వేరు మీది బుడిపెలే సరిగా ఏర్పడవు, తన నత్రజని తాను తెచ్చుకోలేదు. ఒకప్పుడు జమ్మలమడుగు రేగడిలో జొన్న, కొర్ర, పత్తి ఉండేవి. 1999లో విడుదలైన జేజీ-11 రకం వచ్చాక ఆ చేలను శనగ ఆక్రమించింది. ధర బాగున్న ఏళ్లలో అది రైతును నిలబెట్టింది కూడా. చేను మారలేదు, చేలోని ఉప్పు మారలేదు, తట్టుకోలేని పంట వచ్చింది. పది ఎకరాల చేలో అరెకరం చౌడు ముక్క ఉంటే ఆ అరెకరంలో శనగకు ఎరువు పెంచేకన్నా అక్కడ జొన్న వేయడం మేలు. వరికైతే మచిలీపట్నం కేంద్రం ఇచ్చిన, చౌడును తట్టుకునే ఎంసీఎం రకాలు ఉన్నాయి. ముదురు నారు, కుదురుకు మూడు నాలుగు మొక్కలు పెట్టడం వాటికి తోడు.

ఇన్ని నిర్ణయాలకు రైతు చేతిలో ఉన్న ఒకే కాగితం భూసార పరీక్ష కార్డు. 2015లో మొదలైన ఈ పథకంలో 12 అంశాలు కొలుస్తారు. పీహెచ్, ఈసీ ఉన్నాయి, సోడియం లేదు. మట్టి తీసే పద్ధతి ఇంకా పెద్ద లోపం: తడి భూముల్లో రెండున్నర హెక్టార్లకు ఒకటి, వాననీటి భూముల్లో పది హెక్టార్లకు ఒక నమూనా. చౌడు సెంట్లలో తేలుతుంది. పాతిక ఎకరాలకు ఒక గుప్పెడు మట్టి తీస్తే సగటులో అది మాయమైపోతుంది. పైగా కార్డు చివర వచ్చే సిఫారసు ప్రధానంగా ఎరువుల కిలోల్లోనే ఉంటుంది. బోరు నీటి పరీక్ష అసలు కార్డులోనే లేదు. నేనైతే చౌడు ముక్క నుంచి వేరుగా ఒక నమూనా, రెండడుగుల లోతు నుంచి మరొకటి, బోరు నుంచి ఒక సీసా నీళ్లు తీసి ఊటుకూరు కృషి విజ్ఞాన కేంద్రానికి పట్టుకుపోయి సోడియం, బైకార్బొనేట్ కూడా చూడమని అడుగుతాను. నీళ్లలో మిగులు కార్బొనేటు లీటరుకు 2.5 మిల్లీ ఈక్వివలెంట్లు దాటితే ఎరువుల ఖర్చులో కొంత జిప్సానికి మళ్లించక తప్పదు.

గండికోట జలాశయం నిండాక కృష్ణ నీళ్లు చిత్రావతి రిజర్వాయరుకు, అక్కడి నుంచి పులివెందుల కాలవలకు ఎత్తిపోతలతో చేరుతున్నాయి. ఉప్పు తక్కువున్న ఆ నీళ్లు తోటలకు వచ్చిన పెద్ద అవకాశం. బోరు నీళ్లతో కలిపి పెట్టినా, ఏడాదికి ఒకటి రెండు సార్లు వేరు దగ్గరి ఉప్పు కడగడానికే వాడినా, ఏ ఖరీదైన పొటాషూ చేయలేని మేలు చేస్తాయి. కాలవ తవ్వుతున్నవాళ్లు కేసీ కాలవ కింద ప్రొద్దుటూరు, మైదుకూరు పల్లాల్లో ఏం జరిగిందో ఒకసారి నడిచి చూడాలి. పులివెందుల, లింగాల రేగడి పల్లాల్లో మురుగు కాలవలకు సర్వే ఇప్పుడే జరగాలి, ప్రతి కొత్త తూముకూ ఎదురుగా నీళ్లు బయటికి పోయే దారి పటంలో కనిపించాలి. నీటి సంఘాల సమావేశాల్లో రైతులు తడుల తేదీలతో పాటు దీన్నీ అడగాలి.